ఎనిమిదో ఆకు

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. మబ్బు కిందికి దిగి సరస్సు నీళ్లను ఆనుకుని నిలబడింది. కురవదు, కదలదు. అవతలి ఒడ్డున కొండలు ఉన్నాయో లేవో తెలియడం లేదు. పడవలవాళ్లు తాళ్లు విప్పకుండా మెడలెత్తి చూస్తూ కూర్చున్నారు.

వంటింట్లోనూ అలాగే ఉంది.

గచ్చు మీద ఏడు చెక్క ఆకులు. ఒక్కోటి అరచేయంత. తొడిమ దగ్గర చిల్లు, చిల్లులో జనపతాడు, మధ్యలో కాల్చి వేసిన గది నంబరు. వాటి చుట్టూ నలుగురు. అత్త పీట మీద, మరిది గుమ్మంలో, తోటికోడలు గోడకు ఆనుకుని. పెద్దకోడలు వాటి ముందే గొంతుక్కూర్చుని ఉంది.

వాన వచ్చేట్టుందని తోటికోడలు గొడుగు కోసం అటక మీద చెయ్యి పెట్టింది. గొడుగు దొరకలేదు. ఇవి దొరికాయి.

"ఎన్నాళ్ల నుంచి?" అడిగింది పెద్దకోడలు.

మరిది గుమ్మం చెక్క మీద పెచ్చును గోటితో గీకుతున్నాడు.

"నిన్నేరా."

"మూడు వారాలు."

"రోజూనా?"

"రోజూ అయితే మూడు వారాలకు ఏడే ఉంటాయా?" అన్నాడు. అని తల తిప్పుకున్నాడు.

పెద్దకోడలు సరస్సు ఒడ్డు హోటల్లో గదులు చూసుకునే ఆడవాళ్ల మీద సూపర్‌వైజరు. మరిది అదే హోటల్లో కింద లాండ్రీలో ఉతుకు పని. ఆరేళ్ల కిందట చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అతన్ని ఆ పనిలో పెట్టించింది ఆమే. ఆమె కాపురానికి వచ్చేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. చెప్పుల పట్టీ పెట్టుకోవడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాడు.

ఆ ఆకులూ ఆమె పుణ్యమే. మూడు నెలల కిందట మేనేజరు అందర్నీ కూర్చోబెట్టాడు. నీళ్లూ కరెంటూ తక్కువ వాడటానికి ఎవరికి తోచింది వాళ్లు చెప్పమన్నాడు. అందరూ గోళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఈమె లేచింది.

"ఒక్క రాత్రి పడుకున్న దుప్పటిని మర్నాడే ఉతకడం మన ఇళ్లల్లో ఎవరన్నా చేస్తారా సార్?"

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో మరిదీ ఉన్నాడు.

అలా పుట్టింది ఆకు. బస చేసినవాళ్లు బయటికి వెళ్తూ దాన్ని తలుపు పిడికి తగిలిస్తే, ఆ పూటకు దుప్పట్లు, తువ్వాళ్లు మార్చొద్దని. ఆకు లేకపోతే అన్నీ లాగి ఉతుక్కి వెయ్యాలి. ఎవరు తగిలిస్తారులే అనుకున్నారు. ముప్పై ఆరు గదుల్లో ఇరవై గదులవాళ్లు తగిలించారు. ఉతుకు నీళ్లు నురగ కట్టి వెనక కాలువలో పడి, వీళ్ల వీధి బోరింగు పక్కనుంచే పోయేవి. బోరింగు నీళ్లతో అన్నం వండితే సబ్బు వాసన వచ్చేది. నెల తిరిగేసరికి నురగ సన్నబడింది. కాలువలో కప్పలు అరుస్తున్నాయని మొదట చెప్పింది అత్తే.

ఆ తరవాత ఆకులు మాయమవడం మొదలైంది.

"ఎందుకు చేశావురా?"

"ఎందుకా? మూడు మిషన్లు తిరిగేవి వదినా. ఇప్పుడు ఒకటిన్నర."

"సగం మిషను ఎట్లా తిరుగుతుందిరా? కుంటుతుందా?" అంది అత్త.

"ఒకటి పొద్దుటిపూటే తిరుగుతుంది అమ్మా. మధ్యాహ్నం దాని మీద మేం కూర్చుంటున్నాం." ఎవరూ నవ్వలేదు. "ఈ నెలాఖరుకు లాండ్రీలో ఇద్దర్ని తీసేస్తారట. చివర చేరినవాళ్లను. అంటే నేనూ, నా తరవాత చేరినవాడూ."

పెద్దకోడలికి ఈ మాట కొత్త.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తావు? ఆకులు వెనక్కి తీసుకుంటావా?"

ఆమె తీసుకోదు. అది అతనికీ తెలుసు. అందుకే గొంతు తగ్గించాడు. "మాసిన బట్టల బండి తోసుకుంటూ పైకి వస్తానుగా. ఎవరూ లేని చోట ఒక పిడి మీంచి తీసి జేబులో వేసుకునేవాణ్ణి. ఒక్క గది దుప్పట్లు. ఒక్క గది తువ్వాళ్లు. ఎవరికి నష్టం?"

"నీ చేతులు చూపించు."

"ఏం?"

"చూపించరా."

చూపించలేదు. చంకల్లో పెట్టుకున్నాడు. ఇంట్లో అందరికీ తెలిసినవే. ఉతుకు మందుకు వేళ్ల సందుల్లో తోలు ఊడిపోయి, అన్నం కలుపుకుంటే మంట పుట్టే చేతులు. ఆ చేతుల మంట తగ్గుతుందని కూడా ఆమె ఆ రోజు లేచి నిలబడింది. చేతులు చల్లబడితే పొయ్యి కూడా చల్లబడుతుందని మాత్రం ఆలోచించలేదు.

"ఎవరికి నష్టం అంటున్నావు. గాలిపటానికి కాదా?"

గాలిపటం రెండో అంతస్తులో గదులు సర్దే పిల్ల. మనిషి సన్నం, నడక గాలి. ఆ పేరు వంటవాళ్లు పెట్టారు. చేరి ఐదు నెలలే అయింది, ఇంకా పర్మనెంటు కాలేదు. నేను ఆకు తగిలించి వెళ్లినా దుప్పట్లు మార్చేశారు, మీ ఆకు అబద్ధం అని బస చేసిన పెద్దాయన ఒకాయన ఫిర్యాదుల పుస్తకంలో రాసి పోయాడు. ఆ గది గాలిపటానిది. ఆకు లేదక్కా, ఒట్టు అని ఆ పిల్ల ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. చూసుకోకుండా మాసిన బట్టల్లో పడేసి పోగొట్టిందన్నారు. ఇవాళ పది గంటలకు ఆ పిల్లను పనిలోంచి తీసేసే కాగితం మీద సూపర్‌వైజరు సంతకం పెట్టాలి.

"నీ మూలంగా ఒక అమాయకురాలి పని పోతోంది."

"నా మూలంగానా?" మరిది మొదటిసారి సూటిగా చూశాడు. "సోమవారం పొద్దున అందరి ముందూ దాన్ని గుడ్డిదానా అన్నదెవరు వదినా? నేనా?"

అన్నది తనే. ఆ పిల్ల ముఖం ఎలా అయిందో ఆమెకు గుర్తుంది. తల దించుకోలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, మళ్లీ తెరిచి, తన కళ్లను తనే పరీక్ష చేసుకున్నట్టు చూసింది.

ఈ లోపల అత్త లేచింది. చేతికందిన ఆకు ఒకటి తీసుకుని పెరట్లోకి నడిచింది. నీళ్లు కాగే పొయ్యి మండుతోంది. పెద్దకోడలు చూసి లేచేసరికి ఆకు మంటలో ఉంది.

"అత్తయ్యా!"

"చెక్క ముక్కలమ్మా. ఏడు చెక్క ముక్కలు. కాలిపోతే బూడిద, బూడిదకు నోరుంటుందా?"

పెద్దకోడలు మంటలో చెయ్యి పెట్టింది. ఆకు బయటికి వచ్చింది. ఒక పక్క నల్లబడింది, తాడు కాలిపోయింది, నంబరులో చివరి అంకె లేదు. చూపుడు వేలు, బొటనవేలు ఎర్రగా కందాయి. ఆమె వాటిని నోట్లో కూడా పెట్టుకోలేదు.

"వాడు నా కొడుకు," అంది అత్త.

"నాకేమవుతాడు అత్తయ్యా?"

కాగులో నీళ్లు సలసలా మరుగుతున్నాయి.

పెద్దకోడలి మొగుడు యాత్రికుల బస్సు తోలుకుని వెళ్లి నాలుగు రోజులైంది. మరో మూడు రోజులకు గాని రాడు. ఉంటే మాత్రం ఏం చేస్తాడు, నువ్వెట్లా అంటే అట్లా అని చెప్పులేసుకుని బయటికి పోతాడు. ఆమె ఆకులు ఏడింటినీ క్యారేజీ సంచిలో వేసుకుంది.

తోటికోడలు వీధి గుమ్మం దాకా వెంట వచ్చింది.

"అక్కా. ఆయన పేరు చెప్తావా?"

"చెప్పకపోతే ఆ పిల్ల పేరు చెప్పినట్టే కదే."

"మరి మేం ఎట్లా బతకాలి?"

పెద్దకోడలు సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. కందిన వేళ్లకు సంచి తాడు ఒరుసుకుంది. వెనక్కి తిరగకుండా నడిచింది.

* * *

రెండో అంతస్తు చివరి గదిలో గాలిపటం పక్క వేస్తోంది. దుప్పటిని గాలిలోకి విదిలిస్తే అది నిండా విచ్చుకుని, మడత గీత సరిగ్గా పరుపు నడుమ మీద పడింది. మోకాలితో పరుపు ఎత్తి మూల దోపింది. రెండు చేతులతో దిండును కొట్టింది. పన్నెండేళ్ల సర్వీసులో అంత శుభ్రంగా మూల మడిచేవాళ్లను పెద్దకోడలు ఇద్దర్నే చూసింది.

"వచ్చావా అక్కా? ఇంకో రెండు గదులున్నాయి. పదింటిలోపు అయిపోతాయిలే. సగంలో వదిలేసి పోయిందనే మాట కూడా పడటం నాకిష్టం లేదు."

"కూర్చో కాసేపు."

"వేసిన పక్క మీద కూర్చోమనే సూపర్‌వైజరును ఇప్పుడే చూస్తున్నా," అంది ఆ పిల్ల. నవ్వబోయింది, నవ్వు రాలేదు. తువ్వాళ్లు మడతపెడుతూనే చెప్పింది. "ఒక సంగతి చెప్తాను, నవ్వకు. నువ్వు ఆ మాట అన్న రోజు నుంచి నా కళ్ల మీద నాకే నమ్మకం పోయింది. తలుపు ముందు నిలబడి ఆకు లేదు అనుకుంటాను. మళ్లీ అనుమానం. చేత్తో పిడిని తడిమి చూసుకుంటున్నా. పైన, కింద, వెనక. చేతికి ఏమీ తగలకపోతేనే లోపలికి వెళ్తున్నా. నిన్న ఒకాయన నేను తలుపు తడుముతుంటే చూసి, దొంగనుకున్నాడు."

పెద్దకోడలి చేతిలో సంచి బరువెక్కింది. అందులో ఆకులు కదిలి చిన్నగా చప్పుడు చేశాయి.

"వేళ్లకు ఏమైంది అక్కా?"

"పొయ్యి దగ్గర."

"కొళాయి కింద పెట్టు."

ఆ గది స్నానాల గదిలో కొళాయి కట్టేసి ఉన్నా కారుతూనే ఉంది. పెద్దకోడలు కొళాయి తిప్పలేదు. ఆ కారే బొట్టు కిందే వేళ్లు పెట్టి, ఎన్ని బొట్లు పడ్డాయో లెక్కపెడుతున్నట్టు చాలాసేపు నిలబడింది.

* * *

మేనేజరు గదిలో బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. పక్కన మూత తీసిన పెన్ను. ఆమె పెన్ను తీసుకోలేదు. సంచిలో చెయ్యి పెట్టి ఒక్కో ఆకూ తీసి బల్ల మీద వరసగా పేర్చింది. కాలింది చివర.

మేనేజరు జాబితా చూసుకున్నాడు. "పోయినవి ఎనిమిది. ఇవి ఏడు."

"ఏడే దొరికాయి సార్."

"ఎక్కడ?"

"మా ఇంట్లో."

అతను పెన్నుకు మూత పెట్టాడు. ఆ ఇంట్లోంచి ఈ హోటలుకు ఎవరెవరు వస్తారో అతనికి తెలియంది కాదు. "పేరు మీరే చెప్పాలమ్మా. ఊహించి రాసే అధికారం నాకు లేదు."

"చెప్తాను. ముందు ఒక్క మాట. ఈ ఆకుల పని మొదలుపెట్టేటప్పుడు గదులవాళ్లను అడిగాం. వంటవాళ్లను అడిగాం. బస చేసేవాళ్లను చీటీలు పెట్టి మరీ బతిమాలాం. కింద ఉతికేవాళ్లను ఎవరన్నా అడిగామా?"

"వాళ్లను అడిగేదేముంది? వాళ్లకు పని తగ్గడం మంచిదేగా."

"నేనూ అదే అనుకున్నాను సార్."

మేనేజరు పెన్నును పక్కకు జరిపాడు.

"నీళ్లు మిగల్చమని అందరికీ చెప్పాం. అందరూ మిగిల్చారు. మిగిల్చినందుకు ఇద్దరు మనుషులు కూడా మిగిలిపోయారు. వాళ్లను ఏం చెయ్యాలో నేను ఆలోచించలేదు, మీరూ ఆలోచించలేదు."

"అందుకని చేసింది ఒప్పయిపోతుందా?"

"కాదు. తప్పు తప్పే. కానీ ముప్పై ఆరు గదుల్లో పదకొండు కొళాయిలు కారుతున్నాయి. కింద బకెట్లు పెట్టి చూశాను. పూట తిరిగేసరికి బకెట్ నిండుతోంది. దుప్పట్లు ఆపి మిగిల్చిన నీళ్లు అక్కడ పోతున్నాయి. ఉతుకు తగ్గిన ఆ చేతులకు ఒక పానా ఇచ్చి, కొళాయిలు బిగించడం నేర్పిస్తే ఏం పోతుంది సార్?"

"అది నా చేతిలో లేదు. పైవాళ్లను అడగాలి."

"అడగండి."

అతను కాలిన ఆకును చేతిలోకి తీసుకుని చూశాడు. తరవాత కాగితం దగ్గరికి లాక్కుని, గాలిపటం పేరు మీద అడ్డంగా గీత గీశాడు. ఆ స్థలం ఖాళీగా ఉంది.

"అడుగుతాను. వాళ్లు ఏమంటారో నేను చెప్పలేను. కానీ ఇక్కడ పేరు లేకుండా ఈ కాగితాన్ని పైకి పంపలేను. భోజనాలయ్యాక రండి."

"వస్తాను."

మెట్లు దిగుతుంటే ఆమె కాళ్లు లాండ్రీ వైపు తిరిగాయి. తలుపు సందులోంచి చూసింది. ఒక మిషను తిరుగుతోంది. ఇంకొకదాని మీద మరిదితో పాటు పని పోయే మనిషి కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, తిరిగే మిషనునే చూస్తున్నాడు. మరిది లేడు. అతని చొక్కా మేకుకు లేదు.

* * *

ఆ హోటల్లో పనివాళ్ల భోజనాలకు ఒక పద్ధతి ఉంది. లాండ్రీవాళ్లు, తోటవాళ్లు మొదటి బంతి. గదులు సర్దేవాళ్లు రెండో బంతి. ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద పనిచేసినా ఈ బంతివాళ్లు ఆ బంతివాళ్లతో కలిసి తినరు. ఎవరూ పెట్టిన నియమం కాదు. పని వేళలే అలా ఉన్నాయి.

రెండో బంతి కూర్చుంది. పొడుగు బల్ల, రెండు పక్కలా బెంచీలు. కిటికీ బయట మబ్బు ఇంకా అలాగే వేలాడుతోంది. అన్నం, కూర వడ్డించారు. పెద్దకోడలు కంచం ముందు నిలబడే ఉంది.

"ఒక్క నిమిషం ఆగండి," అంది.

గరిటెలు ఆగాయి.

"సోమవారం నేను ఈ పిల్లను మీ అందరి ముందూ గుడ్డిదానా అన్నాను. దీని కళ్లు బాగానే ఉన్నాయి. తలుపులకు ఆకులు నిజంగానే లేవు. చూడకుండా మాట్లాడింది నేను." గాలిపటం వైపు తిరిగింది. "నీ పని ఎక్కడికీ పోదు. నన్ను క్షమించమని అడగను. ఆ మాట అందరూ విన్నారు, ఈ మాట కూడా అందరూ వినాలి, అంతే."

గాలిపటం కంచంలోకి చూస్తోంది. దాని చెవులు ఎర్రబడ్డాయి.

బల్ల చివర నుంచి ఒకావిడ అడిగింది. "అయితే ఆకులు ఎవరు తీసినట్టు అక్కా?"

పెద్దకోడలు నోరు తెరిచింది. తొమ్మిదేళ్ల పిల్లాడు చెప్పుల పట్టీతో తంటాలు పడుతూ కళ్ల ముందు కూర్చున్నాడు.

అప్పుడు బయట ఒక్కసారిగా చినుకు మొదలైంది. చినుకుల వెనకే తలుపు తెరుచుకుంది.

మరిది లోపలికి వచ్చాడు. ఒంటి మీద హోటలు చొక్కా, భుజాల మీద తడి. రెండో బంతిలో లాండ్రీ చొక్కా కనిపించేసరికి అందరూ తలలెత్తారు. అతను ఎవర్నీ చూడలేదు. బల్ల పక్కనుంచి నడిచి గాలిపటం ఎదురుగా ఆగాడు. జేబులోంచి చెక్క ఆకు ఒకటి తీసి, దాని కంచం పక్కన పెట్టాడు.

ఎనిమిదో ఆకు. పుస్తకంలో రాసి పోయిన పెద్దాయన గదిది. నంబరు చూడగానే గాలిపటం గుర్తుపట్టింది. వేలితో ఆ అంకెల మీద తడిమింది, తలుపు పిడిని తడిమినట్టే.

"ఇది అటక మీద పెట్టలేకపోయాను," అన్నాడు మరిది. "సైకిల్ సీటు కింద ఉంది. నేనే తీశాను. అన్నీ నేనే."

గుమ్మం దగ్గర మేనేజరు వచ్చి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. అతని చేతిలో ఆ కాగితం ఉంది. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

మరిది కంచం తెచ్చుకున్నాడు. కూర్చోవడానికి చోటు కోసం చూశాడు. బెంచీ మీద గాలిపటం కాస్త జరిగింది. చోటు ఇవ్వడానికి జరిగిందో, దూరం జరిగిందో చూసినవాళ్లకు తెలియలేదు. జరిగిన చోట అతను కూర్చున్నాడు.

పెద్దకోడలు కూడా కూర్చుంది. అన్నం కలపబోయింది. కందిన వేళ్లకు వేడి తగిలి చెయ్యి వెనక్కి వచ్చింది. మరిది అది చూశాడు. లేచి వెళ్లి ఒక చెంచా తెచ్చి ఆమె కంచం అంచున పెట్టాడు. తోలు ఊడిన ఆ వేళ్ల పక్కనే ఈమె కాలిన వేళ్లు ఒక్క క్షణం ఉన్నాయి.

వాన పెద్దదైంది. వంటగదిలో ఎవరో కిటికీ మూశారు. బల్ల మీద ఆకును ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ పక్కకు జరపలేదు. రెండో బంతి మొత్తం తల వంచుకుని తింటోంది. గుమ్మంలో మేనేజరు కాగితాన్ని ఒకసారి మడిచి, మళ్లీ విప్పి, అలాగే నిలబడి ఉన్నాడు.